మొయినాబాదులో కొరియా మర్యాద

రెండో ప్రపంచ యుద్ధానికి ముందు సంగతి. చేవెళ్ల వెళ్తున్న మా బస్సు మొయినాబాదులో చెడిపోయింది. పొద్దుటి నుంచి నా కడుపులో మంచినీళ్లు తప్ప ఏమీ లేవు. ఒక కిరాణా దుకాణం అరుగు మీద కూర్చుంటే, బస్సులో వచ్చిన కొరియా దేశస్థుడొకడు నా పక్కన చేరాడు. బలానికి తినే ఏదో మొక్క వేరును ఊరూరా తిరిగి అమ్ముకుంటాడట. ఇద్దరికీ ఉర్దూ అంతంతమాత్రమే కనుక మాటలు బాగా సాగాయి.

కొత్త భాష కనిపిస్తే నా నాలుక ఆగదు. మీ దేశంలో ఎలా పలకరించుకుంటారని అడిగాను.

"బాప్ మొగొస్సొయో? అంటే, అన్నం తిన్నారా? అని. తిన్నా తినకున్నా 'నే, మొగొస్సొయో', తిన్నానండీ అనడమే మర్యాద" అన్నాడు.

నేనది వల్లె వేస్తుండగానే దుకాణదారు తల్లి బయటికి వచ్చింది.

"తిన్నవా బిడ్డా?"

చదువు వేడి మీదున్నాను. "నే, మొగొస్సొయో" అని తల వంచి, "అంటే, తిన్నానవ్వా" అని అర్థం కూడా చెప్పాను.

"మంచిగయింది" అని ఆమె అతని వైపు తిరిగింది. "నువ్వు తిన్నవా బిడ్డా?"

"తినలే అవ్వా" అన్నాడు నా గురువు, తడుముకోకుండా తెలుగులో.

కాసేపటికి అతనికి జొన్నరొట్టెలు, పప్పు వచ్చాయి. నాకు కొరియా భాష వచ్చింది.

"మీ మర్యాద ఏమైందయ్యా?" అని గొణిగాను.

"మా ఊళ్లో ఊరికే అడుగుతారు" అన్నాడు రొట్టె తుంచుతూ. "ఈ అవ్వ పెట్టడానికే అడుగుతుంది."

తినలేదనడానికి కొరియా భాషలో ఏమంటారో నేర్పమన్నాను.

"కొరియా భాషలో చెప్తే నాకొక్కడికే తెలుస్తుంది. అవ్వకు చెప్పు. తెలుగులోనే చెప్పు."