పైడయ్య ఎర్ర నూనె

పోయే ముందు పైడయ్య చేసిన చివరి పని, కోడలి కారులో పవర్ స్టీరింగ్ ఆయిల్ చూడటం. అది ఆదివారం పొద్దున. మంగళవారం మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చినవాడు మళ్ళీ లేవలేదు.

ఆ ఆదివారం కూడా అన్ని ఆదివారాల్లాగే గడిచింది. గోపాలపట్నంలో వాళ్ళ వీధి ఏటవాలుగా ఉంటుంది. నూనె మట్టం సరిగ్గా తెలియాలంటే కోడలు అనూరాధ కారును వీధి చివర చదునైన చోటికి తెచ్చి ఆపాలి. చేపల వేటకి పోయేటప్పుడు బోటుకి చేసినట్టే ఆయన బానెట్‌ని తాకి, ఆ చేతిని నుదుటికి ఆనించుకునేవాడు. మట్టి లోపల పడకుండా మూత చుట్టూ గుడ్డతో తుడిచేవాడు. మూతకున్న పుల్లని తుడిచి, మళ్ళీ దింపి, పైకి తీసి, ఎర్రటి నూనె ఏ గీత దాకా అంటిందో చూసేవాడు. తక్కువుంటే సన్నటి ధారగా కొంచెమే పోసేవాడు. అప్పుడు ఆమె ఇంజన్ స్టార్ట్ చేసి స్టీరింగ్‌ని రెండు వైపులా నాలుగుసార్లు తిప్పాలి. ఆ తర్వాత మరోసారి పుల్ల దింపేవాడు.

"సివరికెల్నాక అలా పట్టి ఉంచకమ్మా, పంపు ఏడుస్తాది."

"నాకంటే పంపు మీదే మీకు జాలి, మావయ్యా."

"దానికి నోరు లేదు గదేటి. నీకుంది."

అనూరాధ ఎడమ మణికట్టు చిన్నప్పుడే విరిగి, వంకరగా అతికింది. బస్సులు మారి వేళకి చేరలేక అప్పటికే ఒక బడిలో ఉద్యోగం పోగొట్టుకుంది. గాజువాక బడిలో చేరినప్పుడు ఈ పాత కారు కొన్నారు. స్టీరింగ్ బిగుసుకుంటే ఆమె తిప్పలేదు. తిప్పలేకపోతే ఈ ఉద్యోగమూ పోయినట్టే.

కొన్న నెలలోనే నూనె కారడం మొదలైంది. అమ్మినవాణ్ణి అనూరాధ నోటికొచ్చినట్టు తిట్టింది. పైడయ్య ఏమీ అనలేదు. ముప్పై ఏళ్ళు మరబోటు మీద వల లాగే విన్చి యంత్రం తిప్పి, మోకాళ్ళు అరిగి ఇంట్లో కూర్చున్న మనిషి ఆయన. మెకానిక్కుకి చూపిద్దామని కొడుకు అన్నప్పుడల్లా, ఈపాటి పని తనకి రాదా అని అడ్డుపడేవాడు.

మూడేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు. జ్వరం వస్తే కారు ముందు కుర్చీ వేయించుకుని మరీ చేశాడు. అందువల్లే హైవే మలుపుల్లో అనూరాధ ఒంటి చేత్తో స్టీరింగ్ తిప్పగలిగింది, రోజూ మొదటి గంటకి ముందే బడిలో ఉంది. ఈ ఉద్యోగం మా మావయ్య పెట్టిన భిక్ష అని తోటి టీచర్లకి చెప్పేది. ఆయనకి మాత్రం కాఫీ గ్లాసు అందించి, "అయిందా మావయ్యా?" అని అడిగేది, అంతే.

పెద్దకర్మ అయ్యాక మొదటిసారి బడికి బయల్దేరిన రోజు, మలుపులో కారు మూలిగింది. స్టీరింగ్ రాయిలా బిగుసుకుంది. పక్కకి ఆపి, ఆయన చేసినట్టే తుడిచి, చూసి, ఆయన కారులో ఉంచిన సీసాలో మిగిలిన నూనె పోసింది. స్టీరింగ్ కాస్త సడలింది. సీసా మీద ఆటోనగర్‌లోని నీలకంఠం మెకానిక్ షెడ్డు చీటీ ఉంది. కారును నెమ్మదిగా అక్కడికి తీసుకెళ్ళింది.

పైడయ్య పోయాడని విని నీలకంఠం చేతిలోని పానా పక్కన పెట్టాడు. తర్వాత కిందికి వంగి చూసి, నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్ళు మార్చాలన్నాడు. పాడైన బండి అంటగట్టాడని అనూరాధ అమ్మినవాణ్ణి మరోసారి తిట్టింది.

"అమ్మినోడి తప్పు గాదమ్మా," అన్నాడు నీలకంఠం. "కారొచ్చిన కొత్తల్లో మీ మావయ్యే బోటు విన్చికి పోసే నూనె ఇందులో పోసేసినాడు. సీళ్ళు పాడైపోనాయి. నా కాడికొచ్చి ఏ నూనె పొయ్యాలో, ఎలా సూడాలో నేర్సుకున్నాడు. సీళ్ళు మార్సేత్తానంటే, బండి ఇక్కడుంటే ఇంట్లో తెలిసిపోతాదని ఒద్దన్నాడు. తెలిస్తే మా కోడలు బయపడి కారు ముట్టుకోదు, ఉజ్జోగం పోతాది, సెప్పకు బావా అన్నాడు."