కోడి పాట ముందున్న రాగం

మొన్న బీరువా అడుగున ఉన్న రేకు డబ్బా తెరిస్తే పాత క్యాసెట్టు వాసన వచ్చింది. ప్లాస్టిక్కు, దుమ్ము, వాటి కింద ఎక్కడో సన్నగా తునికాకు వాసన, ఎందుకంటే ఒకప్పుడు మా అవ్వ, అంటే మా అమ్మ, తాను చుట్టిన బీడీలు అందులో పెట్టుకునేది. దాన్ని తెరవడానికి కారణం మా అబ్బాయి. ఇరవై ఏళ్లవాడు, గిటారు నేర్చుకుంటున్నాడు. వాడికి ప్రాణమైన రాక్ బృందం ఒకటి ఉంది, నల్లబట్టలు వేసుకుని ఎప్పుడూ చావు గురించే అరుస్తూ పాడే విదేశీయులు. ఆ మనుషులే ఒకసారి చిన్నపిల్లల పాటలాంటి తమాషా పాట రికార్డు చేశారట. అది ఫోన్లో పెట్టుకుని, "అమ్మా, గింత సీరియస్ మనుషులు గిట్ల పాడిన్రంటే నమ్ముతవా?" అని కడుపు పట్టుకుని నవ్వాడు. నేను నమ్మాను. మా బాపు, అంటే మా నాన్న, కూడా ఆ పనే చేశాడు. దానికి ఆయన ఏం పోగొట్టుకున్నాడో కూడా నాకు తెలుసు.

మాది సిరిసిల్ల. కరెంటు మగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. బాపు వాటి మీద కూలికి నేసేవాడు. పొద్దున కళ్లు తెరవకముందే చెవుల్లో సాంచాల మోత పడేది, అది ఆగిందంటే కరెంటు పోయిందన్నమాట, అప్పుడు వీధి వీధంతా బయటికి వచ్చి కూర్చుని ఒకరి మాట ఒకరికి వినపడుతున్నందుకు వింతపడేది. నూలుకు పట్టించే గంజి పులిసిన వాసన, అవ్వ ఒళ్లో చాటలోని తంబాకు ఘాటు, వానాకాలంలో బొగ్గుల మీద కాలే మక్క కంకుల కమ్మదనం, బతుకమ్మ పండుగకు తంగేడు పూలు తెంపి పసుపెక్కిన వేళ్లతోనే తిన్న, రొట్టె బెల్లం కలిపి కట్టిన మలీద ముద్దలు, గచ్చు మీద మోకాళ్లు గీసుకుపోయేదాకా ఆడిన గచ్చకాయలు, అన్నీ ఆ మోత మధ్యలోనే జరిగాయి. పేదరికమని మాకు తెలియదు. అందరి ఇళ్లూ అట్లాగే ఉండేవి.

బాపు పేరు రాజయ్య. సాంచాల దగ్గర ఆయన అందరిలో ఒకడు, చావింట్లో మాత్రం ఆయన తర్వాతే ఎవరైనా. వాకిట్లో శవాన్ని పడుకోబెట్టాక, ఎత్తేలోపు తత్వాలు పాడాలి. బాపు హార్మోనియం ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, మాటలేమీ లేకుండా ముందు ఒక పొడుగాటి రాగం తీసేవాడు. ఆ రాగానికి, అప్పటిదాకా ఏడుపు రాక బిగుసుకుపోయి కూర్చున్నవాళ్లు కూడా ఒక్కసారి బద్దలయ్యేవారు. వాళ్లను ఏడిపించడమే తన పని అని బాపు నమ్మకం. ఇంటికొచ్చాక హార్మోనియాన్ని బయట అరుగు మీదే పెట్టి, గడప అవతల కాళ్లు కడుక్కుని గాని లోపలికి వచ్చేవాడు కాదు. ఆ తత్వాలు ఇంట్లో కూనిరాగంగానైనా తీయలేదు. ఒకసారి నేను అడిగితే, "బతికున్నోళ్ల ఇంట్ల గవి పాడొద్దు బిడ్డా. సావును పేరు వెట్టి పిలిసినట్టయితది" అన్నాడు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు తట్టు పోసింది. ఒళ్లంతా మంట, అన్నం ముట్టను, నవ్వను. అప్పుడు బాపు మంచం పక్కన కూర్చుని, ముఖం చావింటి ముఖంలాగే పెట్టి, కళ్లు మూసుకుని, అచ్చం ఆ రాగమే ఎత్తుకున్నాడు. నేను బిత్తరపోయి చూస్తుండగా ఉన్నట్టుండి డోలక్ దెబ్బలా మంచంపట్టె మీద చరిచి,

"కోడి ఉరికె గోడ దాటి,
అల్లుడు ఉరికె దోతి జారి"

అని అందుకున్నాడు. పండుగకు వచ్చిన అల్లుడి కోసం కోయబోతే తప్పించుకున్న కోడి, దాని వెనక ఊరంతా తిరిగిన అల్లుడు. అంత గంభీరమైన మనిషి నోట్లోంచి కోడి రావడమే అందులోని తమాషా. నేను నవ్వి నవ్వి గంజి తాగాను. ఆ పాట నాది.

తర్వాత రెండేళ్లకు, కరీంనగర్‌లో క్యాసెట్లు అమ్మే ఒకాయన మా దగ్గర ఎవరి చావింట్లోనో బాపు పాట విని, రికార్డు చేస్తాను రమ్మన్నాడు. నేనూ వస్తానని ఏడ్చి వెంటబడ్డాను. రికార్డింగంటే ఏదో పెద్ద ఆఫీసనుకున్నాడు బాపు. తీరా పోయి చూస్తే అది ఆ దుకాణదారు ఇంటి వెనక గది, బయటి చప్పుడు రాకుండా గోడలకు బొంతలు కొట్టి ఉన్నాయి. ఆయన తల్లి గుమ్మంలోకి వచ్చి, "కడుపుతోని ఉన్న పిల్ల ఉన్నది ఇంట్ల. పచ్చని ఇంట్ల గా పాటలేంది కొడుకా?" అంది. బాపు వెంటనే హార్మోనియం మూసేశాడు. "ఆమె అన్నది నిజమే. నేను పాడ" అన్నాడు. బాపు వెంట వచ్చిన డోలక్ ఆయన దిగాలుగా చూస్తున్నాడు, దుకాణదారు తల పట్టుకున్నాడు. నేనే అన్నాను, "బాపూ, కోడి పాటన్న పాడరాదూ" అని. నా మంచం పక్కన పాడినట్టే, ముందు ఆ పొడుగాటి రాగం తీసి, తర్వాత కోడిని అందుకున్నాడు బాపు.

ఆ దసరాకు హోటళ్లలో, పెళ్లి మైకుల్లో, సాంచాల షెడ్డుల్లో అదే పాట. బాపు వీధిలో నడుస్తుంటే పిల్లలు వెనకనుంచి కోడిలా కూసేవారు. ఆయన కూడా నవ్వేవాడు. నాకైతే గర్వంతో కాళ్లు నేలమీద ఆనేవి కావు.

పండుగ దాటిన నెలకు మా వాడకట్టులో మల్లేశం చచ్చిపోయాడు. ఇరవై ఆరేళ్లు. దూది దుమ్ము మింగి మింగి దగ్గు పట్టి, నెత్తురు కక్కి పోయాడు. పెళ్లాం ఒళ్లో చంటిపిల్ల. తల్లి నర్సవ్వ పొద్దటినుంచి ఒక్క చుక్క కన్నీరు పెట్టలేదు, శవం తలాపున కొయ్యలాగ కూర్చుంది. "రాజయ్యను రానియ్యి, ఏడుస్తది. లేకుంటె గీమె గుండె పలుగుతది" అంటున్నారు ఆడవాళ్లు.

బాపు వచ్చి కూర్చున్నాడు. కళ్లు మూసుకున్నాడు. రాగం ఎత్తుకున్నాడు. నేను అవ్వ పక్కన, ఆడవాళ్ల మధ్య ఉన్నాను. ఒట్టేసి చెబుతున్నాను, నవ్వాలని నేననుకోలేదు. ఆ రాగం సాగుతున్నకొద్దీ నా చెవులు కోడి కోసం ఎదురుచూశాయి, పెదాలు బిగబట్టినా నవ్వు ముక్కులోంచి బయటపడింది. నా పక్కనున్న ఇద్దరు పిల్లలు అందుకున్నారు. ఎవరో కొంగు నోట్లో కుక్కుకున్నారు. గోడ మీది పిల్లలు "కోడి ఉరికె" అననే అన్నారు.

నర్సవ్వ తలెత్తింది. "రాజన్నా, నా కొడుకు గీడ పండుకొని ఉన్నడు. నీ పాటకు అందరు నవ్వుతున్రు. ఇగ సాలు, లేసి పో" అంది.

బాపు చేతికింద హార్మోనియంలో మిగిలిన గాలి మెల్లగా పోయింది. లేచి వెళ్లిపోయాడు. పాట లేకుండానే శవాన్ని ఎత్తారు. నర్సవ్వ ఏడవలేదు.

ఇంట్లో దెబ్బల కోసం ఎదురుచూశాను. బాపు కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. "నువ్వు నవ్వినవని కాదు బిడ్డా. నిన్ను నవ్వియ్యనీకె పీనుగ కాడి రాగం ఇంట్లకు తెచ్చిన. తప్పు నాది" అన్నాడు. కొట్టి ఉంటే బాగుండేది.

మళ్లీ ఎవరూ పిలవలేదు. పంతొమ్మిది వందల తొంభైల్లో బాపు కూడా దగ్గుతోనే పోయాడు. అప్పటికి డోలక్ ఆయన బతుకుదెరువుకు మహారాష్ట్రలోని భివండి మగ్గాలకు పోయాడు, తత్వాలు వచ్చినవాళ్లు మా వాడకట్టులో ఒక్కరూ మిగల్లేదు. బాపు గొంతు క్యాసెట్టులో ఉంది గానీ, కోడి పాటను శవం ముందు ఎట్లా పెడతాం? ఎన్నో ఇళ్లను ఏడిపించిన మనిషి తన వాకిట్లో చప్పుడు లేకుండా పడుకున్నాడు. నర్సవ్వ కర్ర పట్టుకుని వచ్చింది. తలాపున కూలబడి, "ఆ దినం నిన్ను పాడనియ్యకపోతి రాజన్నా" అని ఒక్క కేక వేసింది. మల్లేశానికి ఏడవని ఏడుపు కూడా ఆమె ఆ రోజే ఏడ్చింది.

ఇప్పుడు చావు ఇళ్లలో పాడేవాళ్లు లేరు. శవాన్ని ఉంచిన ఐసు పెట్టె మోగుతుంది, పక్కన ఎవరో ఫోన్లో పాట పెడతారు. మా అబ్బాయి క్యాసెట్టును ఎక్కడో ఇచ్చి ఫోన్లోకి ఎక్కించుకొచ్చాడు. వింటూ, కోడి వచ్చేసరికి పడీపడీ నవ్వాడు, తాత భలేవాడన్నాడు. వాడు కాలేజీకి పోయాక ఫోను తీసుకుని గేటు అవతలికి వెళతాను. ఎవరూ లేని వేళ చూసి పాట పెడతాను. మాటలేమీ లేని ఆ పొడుగాటి రాగం ఒక్కటే వింటాను, కోడి వచ్చేలోపే ఆపేస్తాను. తర్వాత కాళ్లు కడుక్కుని ఇంట్లోకి వస్తాను.