అరికాలి చుక్క

కొత్త రాష్ట్రం వచ్చిన సంబరానికి ఉప్పల్ చౌరస్తాలో కట్టిన కాగితపు తోరణాలు వానకు తడిసి వేలాడుతున్న ఉదయాన ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "సార్, అక్క పోయింది. కామెర్లు ముదిరినయి," అన్నాడు. నలభై నిండని నా విద్యార్థిని గురించి డెబ్బై దాటిన నేను వ్రాయవలసి వస్తున్నది.

ఆమె తండ్రి నల్లగొండ వైపు నుంచి వచ్చి మల్లాపూర్‌లో ఒక కర్మాగారంలో కుదిరినవాడు. ఆమె నాచారం నుంచి ఉప్పల్‌లోని మా పాఠశాలకు నడిచి వచ్చేది. మొదటి వరుస విద్యార్థిని కాదు. కాని నేను దిద్దిన వాక్యాన్ని ఎవరూ అడగకుండానే మరునాడు మళ్ళీ వ్రాసి చూపించేది ఆమె ఒక్కతే. తరువాతి కాలంలో ఒక పిల్లల ఆసుపత్రిలో, పసికందుల ఊపిరితిత్తులలో ఎంత గాలి పడుతుందో కొలిచే ఉద్యోగంలో చేరింది.

ఆ పని ఏమిటని అడిగితే వంటింటి భాషలో చెప్పింది. "కుండల నీళ్ళెన్నో తెల్వదనుకోండి సార్. కొలిచి ఉప్పేసి కలిపి రుచి సూస్తే, ఉప్పెంత పలుచబడ్డదో దాన్నిబట్టి నీళ్ళెన్నో చెప్పొచ్చు." 'తెల్వదు' అన్నప్పుడల్లా దిద్దే నేను ఆనాడు దిద్దడం మరిచిపోయాను. అక్కడ ఉప్పుకు బదులు హీలియం; ఒంటికి హాని చేయని వాయువు. నిద్రపోతున్న బిడ్డ ముక్కునూ నోటినీ కప్పుతూ చిన్న మాస్కు పెట్టి, కొలిచిన హీలియం కలిపిన గాలిని కాసేపు పీల్చనిస్తారు. మాస్కు అంచున సందుంటే వాయువు బయటికి పోతుంది. "ఉప్పు నేలపాలైతే నీళ్ళెక్కువున్నయని మోసపోతం సార్," అనేది. అందుకే మణికట్టు తడిచేసుకుని మాస్కు చుట్టూ తిప్పి చూసేది. ఏ మూల చల్లగా తగిలినా పరీక్ష మళ్ళీ మొదటి నుంచే. బిడ్డ తనంతట తాను నిద్రపోయేదాకా ఆమె ఆ తల్లి పక్కనే కూర్చునేది.

ఎనిమిదేళ్ళ కిందట నా మనుమరాలు నెలలు నిండకుండా పుట్టింది. చాలా రోజులు ఆసుపత్రిలో ఉండి, ఆక్సిజన్ సిలిండరుతో ఇంటికి వచ్చింది. సిలిండరు తీసివేయవచ్చునో లేదో తేల్చడానికి డాక్టరు ఈ పరీక్ష వ్రాశాడు. ఆ ఉదయం నా భార్య పిల్లకు స్నానం చేయించి, ముఖానికి మళ్ళీ నూనె అద్ది, చెంపకు పెద్ద దిష్టిచుక్క పెట్టింది.

మాస్కు అంచు ఆనేది సరిగ్గా అక్కడే. నా విద్యార్థిని దూది తీసుకుని చెంప తుడవబోయింది. నేను అడ్డుపడ్డాను. "తుడవవద్దమ్మా. దానికున్న రక్ష అదొక్కటే." ఆమె ఒక క్షణం నా వైపు చూసి, "సరే సార్," అని దూది పక్కన పెట్టింది. తరగతిలో విన్న ఆ "సరే సార్" నాకెంతో ముద్దుగా వినిపించింది.

అంకె పెద్దదే వచ్చింది. ఎల్లుండి నుంచి ఆక్సిజన్ తగ్గిద్దామని డాక్టరు అన్నాడు. నేను మా వీధిలో ఇంటింటికీ లడ్డూలు పంచాను.

మరునాడు పొద్దున్నే ఆమె మా గుమ్మంలో నిలబడింది. రమ్మన్నా లోపలికి రాలేదు.

"నిన్నటి లెక్క తప్పు సార్. నూనెకు మాస్కు జారింది. మణికట్టుకు చల్లగ తగిలింది, ఐనా ఆపలే. గది నా తప్పు. సిలిండర్ తియ్యకుర్రి, ఇంకోసారి జేద్దాం."

లడ్డూలు పంచినవాడి అహంకారంతో నేను, "నువ్వు నేర్చుకున్న పని ఇదేనా?" అన్నాను. తుడవవద్దన్నది ఎవరో మా ఇద్దరికీ తెలుసు. ఆమె ఆ మాట ఎత్తలేదు. నా భార్య వైపు తిరిగి, "అమ్మా, ఈసారి చుక్క అరికాల్ల పెట్టుర్రి. దిష్టికి గాడ గూడ కనవడతది," అంది. నా భార్య నవ్వింది. ఆ రోజుల్లో మా ఇంట వినిపించిన నవ్వు అదొక్కటే.

రెండోసారి అంకె మొదటిదానిలో సగానికి కొంచెమే ఎక్కువ. సిలిండరు ఉండిపోయింది. డాక్టరు కారణం అడిగితే, "మాస్కు నేనే సరిగ్గ పెట్టలే," అని చెప్పింది. నేను పక్కనే ఉన్నాను. ఆ తరువాత ఆరు నెలలు ఆమెను ఒంటరిగా పరీక్ష చేయనివ్వలేదని విన్నాను. వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. ముప్పై ఆరేళ్ళు పరుల తప్పులను ఎర్రసిరాతో దిద్దిన నాకు నోరు పెగలలేదు. డాక్టరు ఎదుట ఆనాడు చెప్పవలసిన మాట, ఆలస్యంగా, చదువుతున్న మీతో చెబుతున్నాను.

పిల్ల మరో ఐదు నెలలు ఉన్నది. సిలిండరు మీది గుండ్రని మీటరును చూసి నవ్వడం నేర్చింది. వానాకాలంలో జ్వరం వచ్చి నాలుగు రోజులకే పోయింది. తీసుకుపోతుంటే పాత చీరె ముక్కలోంచి ఒక పాదం బయటపడింది. నా భార్య దానిని మళ్ళీ లోపలికి సర్దింది.

నా విద్యార్థిని వచ్చి మా దగ్గర చాలాసేపు కూర్చుంది. లేచేముందు, "కొలత ఊపిరిని పెంచదు సార్. ఉన్నదాంతోని ఎట్ల సాకాలెనో చెప్తది. గన్ని దినాలు ఆయాసం లేకుంట బతికింది," అంది. నా క్షమాపణకు అంతకంటె మంచి అదను రాలేదు. అదీ జారవిడిచాను.

మొన్న నాచారంలో వాళ్ళ ఇంటి ముందుగదిలో ఆమెను పడుకోబెట్టారు. తలవైపు అలమరలో ఒక రబ్బరు బొమ్మ ఉన్నది. మాస్కు ఎట్లా పెడతారో తల్లులకు దాని మీదనే చూపించేదట. ఎన్నో ఏళ్ళుగా రోజూ సంచిలో వేసుకుని పోయేదట. తమ్ముడు దానిని తీసి నా చేతికిచ్చాడు. తుడిచి తుడిచి చెంపల రంగు పోయింది. ఎడమ అరికాలిలో కాటుకచుక్క, చెదరకుండా ఉన్నది.