మేకనూ గోల్‌కీపర్‌నూ ఎక్కించుకుని కిష్టారం దాకా

ఫుట్‌బాల్‌లో నాకు తెలియని విషయం లేదు. ముప్ఫై ఏళ్లుగా మంచం మీద పడుకుని టీవీలో చూస్తున్నాను. ఎంతోమంది శిక్షకులకు అక్కడినుంచే సలహాలిచ్చాను. వాళ్లు వినలేదు, ఓడిపోయారు, అది వేరే సంగతి. అందుకే డిసెంబరులో ఒకరోజు జోగ ఫోన్ చేసి "మా క్లబ్బుది ఫైనల్ ఉన్నది దాదా, కిష్టారంల. నువ్వు రావాలె" అన్నప్పుడు బస్తర్ ఫుట్‌బాల్‌కు నా అవసరం పడిందనే అర్థం చేసుకున్నాను.

జోగ, దేవె భార్యాభర్తలు. ఏటా మిరప కోతలకు బస్తర్ నుంచి సరిహద్దు దాటి మా బావమరిది చేలోకి వస్తారు. జోగ వాళ్ల ఊరి జట్టుకు గోల్‌కీపర్. ఊరు వాగుగూడెం, మరైగూడ దాటి కొంచెం లోపలికి. ఈసారి ఫోన్లో అతని గొంతు మామూలుగా లేదు. "ఇదే ఆఖరి ఆటేమో దాదా. నన్ను తీసేస్తరంట" అన్నాడు. ఇక ఆగుతానా?

పొద్దున్న ఆరున్నరకు భద్రాచలంలో దుమ్ముగూడెం వైపు వెళ్లే బస్సెక్కాను. నా పక్కన కోడిపెట్టను ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దాయన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే ఫుట్‌బాల్‌కని చెప్పాను. ఆయన నా పొట్ట వంక చాలాసేపు చూసి, "బంతి నువ్వే తీస్కపోతున్నవా?" అన్నాడు. కోడి కూడా నవ్వింది. నేను కిటికీలోంచి ప్రకృతిని చూడడం మొదలుపెట్టాను.

లక్ష్మీనగరంలో దిగి ఇడ్లీ తిన్నాను. మీరు వెళితే మీరూ అక్కడే తినండి, ఆ తర్వాత టీ, బిస్కెట్లు తప్ప దొరకవు. నా ప్లేటులో నాలుగు ఇడ్లీలుండేవి. ఒక్కొక్కటీ తలకింద పెట్టుకుని పడుకోవచ్చు. అక్కడినుంచి మరైగూడకు షేర్ ఆటో. మనిషికి యాభై, ముందు సీట్లో డ్రైవరు ఒళ్లో కూర్చుంటే నలభై. రోడ్డు మీది ఎర్రదుమ్ము గురించి ఒక మాట: తువ్వాలు తీసుకెళ్లండి. నేను తీసుకెళ్లలేదు. మరైగూడలో నన్ను తీసుకెళ్లడానికి వచ్చిన దేవె నా ఎదురుగానే నిలబడి, "దాదా ఇంక రాలేదా?" అని డ్రైవరును అడిగింది.

పదకొండు గంటలకు వాగుగూడెం నుంచి రెండు జీపులు బయలుదేరాయి. ముందు జీపులో ఆటగాళ్లు, క్లబ్బు అధ్యక్షుడు ముత్తయ్య. వెనక జీపులో అభిమానులు, నేను. వెనకభాగంలో ఎదురెదురుగా రెండు పొడుగు సీట్లు, మధ్యన నేలమీద స్టెప్నీ టైరు. రెండు సీట్ల మీద ఎంతమందిమో లెక్కపెట్టడం నావల్ల కాలేదు, ఎందుకంటే తల తిప్పడానికి పక్కవాళ్ల అనుమతి కావాలి. నా ఎడమ మోకాలు గోకుదామని గోకితే లక్ష్మక్క "ఏందయ్యా, అది నాది" అంది.

లక్ష్మక్క గురించి చెప్పాలి. అరవయ్యేళ్ల తెలుగు రైతు. సంతలో చింతపండు అమ్ముతుంది. జట్టు ఆడిన ఆటలన్నీ చూసింది. ఆమె అరిస్తే రిఫరీలు ఈల వేశారని పొరబడి ఎదుటి జట్లు ఆగిపోయిన సందర్భాలున్నాయట. ఈ మాట కూడా ఆమే చెప్పింది.

నాకు వింతగా తోచిన సంగతి వేరే ఉంది. జోగ ఆటగాళ్ల జీపులో లేడు. మా జీపులో, మా మధ్యలో, ఆ స్టెప్నీ మీద కూర్చుని ఉన్నాడు, చేతి తొడుగులు ఒళ్లో పెట్టుకుని. అవి తాపీపని వాళ్లు వేసుకునేవి. వేళ్ల దగ్గర దేవె సైకిల్ ట్యూబు ముక్కలు కుట్టింది.

"ఆయన ఇక్కడెందుకు?" అన్నాను.

"ఆయన సంగతే మాట్లాడాలె గద. మనిషి లేనప్పుడు మనిషి గురించి మాట్లాడతరా? మీ దిక్కు మాట్లాడతరా?" అంది లక్ష్మక్క.

మా వైపు మనిషి లేనప్పుడే మాట్లాడతామని నేను చెప్పలేదు. వాళ్ల ఊరి కట్టుబాటు అది. ఎవరి మీద తగువుంటే వాళ్లను మధ్యలో కూర్చోబెట్టాలి. అందరూ చెప్పేదాకా ఆ మనిషి నోరెత్తకూడదు. ఆఖరి మాట మాత్రం అతనిదే. ఫైసలా అయ్యిందంటే అందరూ ఒప్పుకున్నట్టు. ఒక్కరు కాదన్నా మళ్లీ మొదటికి. ఊరి పంచాయితీకి పెట్టుకున్న ఈ పద్ధతిని వీళ్లు ఫుట్‌బాల్‌కూ తెచ్చారు.

జీపు వాగు దాటగానే చర్చ మొదలైంది. తిట్లు గోండిలో, లెక్కలు హిందీలో, వేళాకోళం తెలుగులో నడిచాయి. అర్థం కానివి నాకు దేవె చెప్పింది, తిట్లు తప్ప.

"పోయిన రెండాటల్ల ఏం జేసిండు?" అంది లక్ష్మక్క. "బంతి పక్క నుంచి పోతుంటే సుట్టాన్ని సాగనంపినట్టు సూసుకుంట నిలబడ్డడు. 'పోయి రా బావా' అనుడొక్కటే తక్కువ!"

జీపు జీపంతా నవ్వింది. జోగ తొడుగుల కుట్లు చూసుకుంటున్నాడు.

"మంచోడే, కానీ వయసైంది," అన్నాడొకాయన. "ఇయ్యాల్టికి గనుల టౌన్‌షిప్ నుంచి ఒక పిలగాడు వస్తుండు. పక్కా గోల్‌కీపర్. మేకనిస్తే నిలబడతనన్నడు."

మేక అంటే కప్పు. ఈ పోటీలో గెలిచినవాళ్లకు ఇచ్చేది మేకనే. పోయినేడు వాగుగూడెం గెలిచిన మేక ఇప్పుడు క్లబ్బుకు ఉన్న మొత్తం ఆస్తి. బ్యాంకు ఖాతా లేదు, ఈ మేకే ఖాతా. దాని సంగతి ఎత్తగానే లక్ష్మక్క చెయ్యి పైకెత్తింది.

"ఆగున్రి. ఇది పైసల ముచ్చట. అధ్యక్షుడు లేకుండ మాట్లాడొద్దు. మేక లేకుండ అసలే మాట్లాడొద్దు."

హారన్ కొట్టి ముందు జీపును ఆపారు. దారి మధ్యలో ఆటగాళ్లు దిగారు, అభిమానులు దిగారు, నన్ను దింపారు. జోగను ముందు జీపుకు పంపి, అధ్యక్షుడు ముత్తయ్యను, మేకనూ మా జీపులోకి తెచ్చారు. ముత్తయ్య స్టెప్నీ మీద కూర్చున్నాడు. మేక నా ఒళ్లో కూర్చుంది. అది మామూలు మేక కాదు. చిన్నసైజు ఎద్దు. గడ్డం మా హెడ్మాస్టరు గారి గడ్డం కంటే గంభీరంగా ఉంది.

"ఒక్క ఆటకు మొత్తం మేకను ఇచ్చేస్తవా? ఆటగాళ్లకు బూట్లు ఎవలు కొంటరు?" అని అడిగింది లక్ష్మక్క.

"గెలిస్తే ఇంకో మేక వస్తది గద అక్కా," అన్నాడొకడు.

"ఓడితే?"

మేక నా చొక్కా గుండీ ఒకటి తిన్నది. చర్చ ఇంకా వేడెక్కింది. ముత్తయ్య నెత్తి గోక్కుంటున్నాడు తప్ప మాట్లాడడానికి లేదు. ఓ పావుగంటకు జీపంతా ఒక్క మాట మీదికొచ్చింది: టౌన్‌షిప్ కుర్రాడినే నిలబెట్టాలి, మేకను ఇచ్చేయాలి. దేవె ఒక్కతే మిగిలింది. "దేవే, నువ్వేమంటవ్?" అన్నారు.

"నేను చెప్పేది ఆయన ముంగట చెప్పాలె," అందామె.

మళ్లీ హారన్, మళ్లీ దింపడం, ఎక్కించడం. ఈసారి ఎవరినీ పంపలేదు. ముత్తయ్య, జోగ ఇద్దరూ ఒకే టైరు మీద వీపులు ఆనించి కూర్చున్నారు. కిష్టారం ఇక దగ్గర్లోనే ఉంది.

"సాయంత్రం ఎండ మొఖం మీదికి కొడితే ఈయనకు బంతి కనబడతలేదు," అంది దేవె, మొగుడి వంక చూడకుండా. "చెప్తే పరువు పోతదని చెప్తలేడు. పొద్దు ఎనక ఉంటే బాగనే ఆడతడు. ఎండకు ఎదురుంగ ఉన్న సగం ఆ పిలగాన్ని నిలబెట్టున్రి. మిగిలిన సగం ఈయన్ను ఉంచున్రి. అంతే."

ఎవరో అడగవలసిన ప్రశ్న అడిగారు: "సగం ఆటకు సగం మేకను ఎట్ల ఇస్తరు?"

దాని మీద పెద్ద గొడవే జరిగింది. మేకను ఎటునుంచి సగం చెయ్యాలన్న దాకా పోయింది. ఆట అయ్యాక చూద్దామని అందరూ ఒప్పుకున్నారు. పొద్దున వాళ్ల ఊళ్లో కూర్చుని జావ తాగినవాణ్ని కాబట్టి నా ఒప్పుదల కూడా అడిగారు. ముప్ఫై ఏళ్ల అనుభవాన్నంతా కూడదీసుకుని "సరే" అన్నాను.

ఆఖరి మాట జోగది.

"మీరెట్లంటే గట్లనే. కానీ పదిహేనేండ్ల సంది ఆ రెండు కట్టెల మధ్యన్నే నిలబడ్డ. ఇంకెక్కడ నిలబడాల్నో నాకు తెల్వది."

లక్ష్మక్క ముఖం పక్కకు తిప్పుకుంది. నాకు దుమ్ము కళ్లలో పడింది.

మూడున్నరకు కిష్టారం జట్టుతో ఆట. మైదానం చుట్టూ ఓ లక్షమంది జనం ఉన్నారు. దేవె మూడొందలంటుంది. టాస్ గెలిచి మనవాళ్లు తూర్పు వైపు గోలు తీసుకున్నారు. అంటే మొదటి సగం మన గోల్‌కీపర్ ముఖం మీదే ఎండ. టౌన్‌షిప్ కుర్రాడు వచ్చాడు. మంచి బూట్లు, మంచి తొడుగులు, పిక్కలు మా ఊరి మైలురాళ్లలా ఉన్నాయి. అతన్ని చూస్తే నాకే భయమేసింది. అయినా రెండు గోల్స్ పడ్డాయి. రెండోది పడుతున్నప్పుడు ఆ కుర్రాడు చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని ఆకాశంలో బంతి కోసం వెతుకుతున్నాడు. బంతి అప్పటికే కట్టెల వెనక ముళ్లకంపలో ఉంది.

"మేకను ఇస్తమన్నా పొద్దు ఆగలే," అంది లక్ష్మక్క.

రెండో సగం జోగ నిలబడ్డాడు. మనవాళ్లు ఒక గోలు వేశారు. అటునుంచి దాడుల మీద దాడులు. ఒకసారి బంతి కుడి మూలకు దూసుకొస్తుంటే జోగ తాటిచెట్టంత ఎత్తు ఎగిరి, గాలిలోనే ఒక పక్కకు తిరిగి, వేలికొసలతో బయటికి కొట్టి, గులకరాళ్ల మీద పడ్డాడు. తాటిచెట్టు కాదు, మూరెడు అంటుంది దేవె. ఆమె నిలబడ్డ చోటినుంచి అలా కనబడి ఉంటుంది. ఒక్క గోలు కూడా పోనివ్వలేదు. అయినా రెండుకు ఒకటి, ఓడిపోయాం. కొత్త మేక కిష్టారం వాళ్ల దగ్గరే ఉండిపోయింది.

టౌన్‌షిప్ కుర్రాడు మా జీపు దగ్గరికి వచ్చాడు. ఆంధ్ర వైపు పిల్లాడే. "మేక వద్దండీ. రెండు గోల్స్ పెట్టించుకుని మేకను కూడా తోలుకుపోతే మా అమ్మ ఇంట్లోకి రానివ్వదు," అని లక్ష్మక్కకు దండం పెట్టి, బైకెక్కి వెళ్లిపోయాడు.

ఐదు గంటలకు తిరుగు ప్రయాణం. ఎవరూ పిలవకుండానే జోగ వచ్చి స్టెప్నీ మీద కూర్చున్నాడు. మోచెయ్యి చెక్కుకుపోయి ఉంది. మేక మళ్లీ నా దగ్గరికే వచ్చింది, రెండో గుండీ కోసం.

"నేను పొద్దున అన్న మాట ఎనక్కి తీస్కుంటున్న. తప్పు మనిషిది కాదు, ఎండది. వచ్చే ఏడు రెండు సగాలూ జోగనే. కాదన్నోడు ఈడనే దిగి నడిసి రావాలె," అంది లక్ష్మక్క.

ఎవరూ దిగలేదు. పొద్దున్న మొత్తం పట్టిన పని రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆఖరి మాట కోసం అందరూ జోగ వైపు చూశారు. నవ్వుతాడనుకున్నాను.

"ఎండ ఒక్కటే కాదక్కా," అన్నాడు. "ఇయ్యాల పొద్దు నా ఎనకనే ఉన్నది. అయినా బంతి దగ్గరికొచ్చేదాక కనబడలే. కాళ్ల సప్పుడు ఇని దుమికిన. అదృష్టం, చేతికి తాకింది. వచ్చే ఏడు తాకదు. ఇంకోన్ని సూసుకోన్రి."

దేవె అతని వంక చూసింది. "నాకు గూడ చెప్పలే," అంది, చాలా మెల్లగా.

లక్ష్మక్క ఒక్కసారిగా డ్రైవరు భుజం తట్టింది. "హారన్ కొట్టు. అధ్యక్షున్ని తీస్కరా."

ముత్తయ్య దిగి వచ్చి, జీపు వెనక మెట్టు మీద నిలబడి లోపలికి తల పెట్టాడు.

"మేక ఈడనే ఉన్నది, మనిషి ఈడనే ఉన్నడు, నువ్వూ ఉన్నవ్," అంది లక్ష్మక్క. "మేకను అమ్ముడు, జోగను భద్రాచలం తీస్కపోయి కండ్లు సూపిచ్చుడు, అద్దాలు కట్టిచ్చుడు. కాదనేటోళ్లు ఉన్నరా?"

"బూట్లు?" అన్నాడు ముత్తయ్య భయపడుతూ.

"ఇప్పపూలు రానీ. ఇంటికో బుట్టెడు ఇస్తం, అమ్మి కొందం."

జోగ తల అడ్డంగా తిప్పాడు. "అద్దాలు పెట్టుకొని గోల్ల నిలబడాల్నా ఏందక్కా? బంతి తాకితే పల్గుతయి."

"గోల్లకెందుకు? ఈడ, మా పక్కన కూసొని ఆట సూసెటందుకు. సూడకుండ ఎట్ల తిడతవ్ మరి?"

వెంట్రుక పట్టని సీటు మీద ఎలా జరిగారో తెలియదు, అందరూ జరిగారు. నా నడుము ఇప్పటికీ ఆ జరుగుడును గుర్తు చేసుకుంటోంది. జోగ లేచి దేవె పక్కన కూర్చున్నాడు. చేతి తొడుగులు తీసి ముత్తయ్యకు ఇచ్చాడు. ఖాళీ అయిన స్టెప్నీ మీద ముత్తయ్యను కూర్చోబెట్టారు.

కళ్లు చూపించే రోజు మా ఇంట్లోనే దిగమని చెప్పాను. జోగ వినిపించుకోలేదు. అతని చూపు ముత్తయ్య మీద ఉంది.

"అధ్యక్షా," అన్నాడు. "టాస్ గెలిచి, ఎండకు ఎదురుంగ ఉన్న గోలు తీస్కోమని కెప్టెన్‌కు చెప్పిందెవలు?"

అభిమానులంతా ఒక్క గొంతుతో లేచారు. ముత్తయ్య నోరు తెరిచాడు గాని, మధ్యలో కూర్చున్నవాడు మాట్లాడకూడదు. జోగ రెండో ప్రశ్న వేశాడు, మూడోది వేశాడు. పదిహేనేళ్లు ఆ కట్టెల మధ్య నిలబడి చూస్తూ కూడబెట్టినవన్నీ ఒక్కొక్కటే తీస్తున్నాడు. "ఇన్నేండ్లు ఇదంత యాడ దాసినవయ్యా!" అని దేవె పడి పడి నవ్వింది.

బస్తర్‌లో నేను చూసింది ఒక జీపు లోపలిభాగం, ఒక మైదానం, ఒక మేక. ఇంతకంటే మంచి ప్రయాణం చేసినట్టు నాకు గుర్తులేదు. చీకటి పడుతుండగా వాగుగూడెం దీపాలు కనబడ్డాయి. ముత్తయ్య ఇంకా స్టెప్నీ మీదే ఉన్నాడు. ఆఖరి మాట అతనిదే, ఎవరూ కాదనరు. కాని జోగ చెప్పడం ఇంకా అయిపోలేదు.