అరకు ఘాటీలో నాలుగు ట్యాంకులు

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అరకులో జూనియర్ కాలేజీ లెక్కల మాస్టర్ని. ఆ రోజుల్లోనే సొంతంగా ఒక కంప్యూటరు కొనుక్కుని, విశాఖపట్నం నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. పిల్లల మార్కులు ఎక్కించడానికని అందరికీ చెప్పాను. అసలు సంగతి ఏమిటంటే, దాంతో వచ్చిన సీడీల్లో ఒక ట్యాంకు యుద్ధాల ఆట ఉంది.

గుండు ఎంత దూరం నుంచి ఏ కోణంలో తగిలితే ఎంత మందం ఉక్కు చీలుతుందో కూడా అది లెక్క కట్టేది. అంతకంటే రుచైన విషయం, యుద్ధభూమిని మనమే తయారు చేసుకోవచ్చు. కొండ పెంచవచ్చు, వాగు తవ్వవచ్చు, శత్రువు ఎటు నుంచి రావాలో రాసి పెట్టవచ్చు. ఆటతో వచ్చిన మైదానాలన్నీ పరదేశాలవి, చాపలా చదునుగా ఉండేవి. నాలుగు వారాల్లో విసుగొచ్చి, మన ఘాట్ రోడ్డునే కట్టడం మొదలుపెట్టాను.

పక్క వాటాలో ఒక పెద్దాయన ఉండేవాడు. విజయనగరం వైపు మనిషి. సైన్యంలో ట్యాంకు డ్రైవరుగా చేసి రిటైరై, కాఫీ గోడౌనుకు కాపలా ఉండేవాడు. నేను బాబాయ్ అనేవాణ్ణి. ఒక సాయంత్రం పేపరు కోసం వచ్చి నా తెర ముందు ఆగిపోయాడు.

"ఏటి మాస్టారూ, ఇదేటి సేత్తన్నారు?"

"మన ఘాటీ బాబాయ్. కింది నుంచి పది శత్రు ట్యాంకులు ఎక్కుతున్నాయి. మనవి నాలుగు, ఈ కొండ అంచు మీద కాపు కాశాయి. ఇప్పటికి ఆరుసార్లు గెలిచాను."

"ఆరేటి, అరవైసార్లు గెలుత్తారు. కొండలూ మీయే, శత్రువూ మీవోడే." స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇది ఘాటీయా? దోసెలాగుంది. మన కొండలు ఇంత సదునుగా ఉన్నాయేటి?"

నిజమే. ఎత్తులన్నీ నేను గుడ్డి లెక్కన వేశాను. ఆయన చెప్పినట్టు కొండను నిటారుగా లేపి ఆడితే మన నాలుగు ట్యాంకులూ పది నిమిషాల్లో తగలబడ్డాయి. ఒక్క గుండూ శత్రువుకు తగల్లేదు.

బాబాయ్ చేతిని ఫిరంగి గొట్టంలా చాపి చూపించాడు. "గొట్టం ఐదు డిగ్రీల కంటే కిందకి వంగదు. అంచు మీద నిలబెడితే అది మబ్బుల్ని సూత్తాది. కిందోడు సుబ్బరంగా బీడీ కాల్సుకుంటాడు."

మరి అసలు వాలు ఎంత? ఇద్దరికీ తెలియదు. ఆదివారం పొద్దున్నే స్కూటరు మీద బయల్దేరాం. జామెట్రీ బాక్సులోని కోణమానినికి దారం కట్టి, దారానికి రాయి వేలాడదీశాను. బాబాయ్ ఎర్రగుడ్డ కట్టిన కర్ర పట్టుకుని మలుపు మలుపుకీ నిలబడ్డాడు. నేను గురి చూసి, కోణం రాసుకుంటూ వెళ్ళాను. ఎమ్మెస్సీ పరీక్షలకు కూడా అంత శ్రద్ధగా చదివి ఎరగను.

మూడో మలుపు దగ్గర, పైనున్న ఊటగెడ్డ అనే కొండవాగు నుంచి తలమీద రెండు బిందెలతో ఒక ఆదివాసీ ఆవిడ దిగి వస్తోంది. మమ్మల్ని చూసి ఆగింది.

"ఏటి కొలుత్తన్నారు బాబూ?"

"టేంకుల కోసమమ్మా," అన్నాడు బాబాయ్. "ఎక్కడ పెడితే బాగుంటాదో సూత్తన్నాం."

ఆవిడ బిందెలు దించేసింది. "బేగి వత్తాయా?"

"వచ్చే ఆదివారానికల్లా వచ్చీత్తాయి," అన్నాడాయన హుషారుగా. నేను నవ్వాను.

ఆ తర్వాత ఆవిడ మమ్మల్ని వదల్లేదు. వానకు ఎక్కడ మట్టి జారుతుందో, ఎక్కడ బండ గట్టిదో, మంచు ముందు ఏ లోయలో నిండుతుందో అన్నీ చూపించింది. ఊటగెడ్డ దాకా ఎక్కించింది. పొంచి ఉండడానికి మంచి చోటని అక్కడి ఎత్తూ, కిందున్న వాళ్ళ ఊరి ఎత్తూ కొలుచుకున్నాను. ఇంత ఓపికగా ఎందుకు సాయం చేస్తోందో ఒక్కసారైనా అనుకోలేదు.

తర్వాతి ఆదివారం నా గుమ్మం ముందు పదిమంది నిలబడి ఉన్నారు. ముందు ఆవిడ, చేతిలో గుమ్మడికాయ. పక్కన ఊరి పెద్ద, భుజాన పార.

"టేంకు వత్తాదన్నారు గదా మాస్టారూ. రాళ్ళు మోయడానికి మనుసులం వచ్చీసినాం," అన్నాడు ఊరి పెద్ద.

నీళ్ళ ట్యాంకు! ఆ కొండల్లో ఆ మాటకు ఇంకో అర్థం ఎందుకుంటుంది? బాబాయ్ వైపు చూశాను. ఆయన చెప్పుల కేసి చూసుకుంటున్నాడు. చేసేది లేక అందర్నీ లోపలికి పిలిచి, కంప్యూటరు పెట్టి, ఉన్నమాట చెప్పేశాను.

ఆవిడ గుమ్మడికాయ కింద పెట్టింది.

"నాను రోజుకి నాలుగుసార్లు ఆ కొండెక్కుతాను," అంది ఆవిడ. "మీరు ఆడుకోడానికా నన్ను అంతదూరం తిప్పినారు?"

తల ఎత్తలేకపోయాను. ఆవిడే తెర దగ్గరకు వచ్చి, కళ్ళు చిట్లించి చూసింది. "ఇది మా గెడ్డేనా? తప్పు. ఇటు తిరగదు, అటు తిరుగుతాది."

గెడ్డను సరిచేస్తుంటే తెర మీది అంకెలు నా కంటబడ్డాయి. ఊట వాళ్ళ ఊరికంటే రెండు తాటిచెట్ల ఎత్తున ఉంది. గొట్టం వేస్తే చాలు, మోటారు అక్కర్లేకుండా నీళ్ళు వాటంతటవే దిగివస్తాయి. ఆ మాట చెప్పగానే ఊరి పెద్ద పార గోడకు ఆనించి, నేలమీద కూర్చున్నాడు. "అయితే సర్కారుకి కాగితం రాయండి."

రాశాను. పటం కాలేజీ ప్రింటర్లో తీసి, ఆవిడా, ఊరి పెద్దా, బాబాయ్, నేనూ జీపులో పాడేరు వెళ్ళాం. గిరిజనాభివృద్ధి ఆఫీసులో ఇంజినీరు పటాన్ని చాలాసేపు చూశాడు.

"ఎత్తులు బాగా వేశారు మాస్టారూ. మలుపుకొకటి ఈ ఎర్ర గుర్తులేమిటి?"

పది శత్రు ట్యాంకుల్నీ తీసెయ్యడం మర్చిపోయాను.

బాబాయ్ మడమలు కలిపి నిటారుగా నిలబడ్డాడు. "అడ్డంకులు సార్."

"మరి ఈ నాలుగు పచ్చవి?"

"అడ్డంకులు తొలగించేవి సార్."

ఇంజినీరు మా నలుగురినీ లెక్కపెట్టినట్టు చూసి తలాడించాడు. నెల తిరక్కుండా సొంత పరికరాలతో వచ్చి అన్నీ మళ్ళీ కొలిచాడు. నా లెక్కల్లో ఒక్కటే తప్పని తేలింది. ఆ కర్ర వంకరగా పట్టుకున్నది బాబాయేనని నేనూ, కోణం తప్పుగా చదివింది నేనేనని బాబాయీ చాలాకాలం వాదించుకున్నాం.

పని పూర్తయ్యేసరికి రెండు వేసవులు గడిచాయి. ఈలోగా మా యుద్ధమూ పూర్తయింది. సరైన వాలు, జారే మట్టి, ఆవిడ చెప్పిన లోయలో మంచు, అన్నీ పెట్టాక వరసగా తొమ్మిదిసార్లు ఓడిపోయాను. "ఇప్పుడు నిజంలాగుంది," అని బాబాయ్ మురిసిపోయాడు.

ఊళ్ళో కుళాయి తిప్పిన రోజున నాకు పరీక్షల డ్యూటీ పడింది. బాబాయ్ ఒక్కడే వెళ్ళాడు. సాయంత్రం తల నుంచి బూట్ల దాకా తడిసి ముద్దై వచ్చి నా గుమ్మంలో నిలబడ్డాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

"ఏమైంది బాబాయ్?"

"ఆయమ్మ అందరి ముందూ కుళాయి కింద తలెట్టి తానం సేసీసింది. ఆనక నన్ను జబ్బట్టుకు లాగి దాని కిందకి తోసీసింది," అని తుమ్మాడు. "బేగి ఓ తువ్వాలివ్వండి మాస్టారూ. ఊటనీళ్ళు మహా సల్లగున్నాయి."