ఎవరి పురుగులు?

పెరట్లో ఎరువు గుంత మీది మట్టి తీస్తే చాలు, తొలకరికి తడిసిన నేల వాసన వస్తుంది. వెంటనే మా అత్త వెంకటమ్మ గుర్తొస్తుంది, నవ్వూ వస్తుంది. ఈ వాసన వచ్చే మట్టి కోసం ఒకసారి రెండిళ్ల మగవాళ్లు కొట్టుకోబోయారు మరి.

నేను అరసికెరెకు కోడలిగా వచ్చిన ఏడు వాన ఒక్కటే పడింది. ఆ పదునుకు వేసిన వేరుశెనగ నాలుగాకులు తొడిగేసరికి కంబళి పురుగులు దిగాయి. ఎర్రగా, ఒళ్లంతా వెంట్రుకలతో, పక్కనున్న హనుమంతప్ప చేను మేసి మా గట్టెక్కుతున్నాయి. ఆయనకొక ఎద్దు, మాకొక ఎద్దు. జత కడితేనే రెండిళ్లకూ సేద్యం. అయినా మా మామ ఊరుకోలేదు.

"ఏమప్పా, నీ పురుగులు మా చేన్లోకి వస్తాండాయి, పిలుచుకో!"

"వాటి మీద నా పేరు రాసిండాదా?" అన్నాడు హనుమంతప్ప.

అత్త పార అందుకుంది. "కొట్లాట తర్వాత. చేను పోతే ఏడాదంతా ఏం తింటాం? తవ్వండి ముందు." గట్టు పొడవునా కాలువ తీశాం. పురుగులు అందులో పడి, ఎక్కలేక కుప్పలయ్యాయి. మామ పొడిమందు తెస్తానంటే అత్త ఒప్పుకోలేదు. "మందు కొడితే మట్టిలో కంటికి కనపడని మంచి పురుగులు గూడా చస్తాయి. ఇవి మన పైరు తినిండాయి. తిన్నదంతా మట్టికే కక్కించల్ల." ఊరికే పూడిస్తే మళ్లీ పుట్టుకొస్తాయని బరువైన దిమ్మిసతో దంచింది. నేను ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పేడనీళ్లు పోశాను, పైన ఆకూ అలమూ వేసి మూశాం. నా చేతులు దద్దుర్లెక్కాయి. "మీ అమ్మోళ్లింట్లో ఇట్లాటివి లేవేమో!" అని అత్త ఎగతాళి చేస్తూనే ఆముదం రాసింది. చేను సగం దక్కింది.

మరుసటి ఏడు విత్తే ముందు కాలువ తెరిస్తే నల్లటి మెత్తని మట్టి, నిండా వానపాములు. అంతలో హనుమంతప్ప గంపతో దిగాడు.

"నా పురుగులని నువ్వే అంటివి కదప్పా. ఎరువు గూడా నాదే!"

"తవ్విన రెక్కలు మావి!" అని మామ పార ఎత్తాడు. హనుమంతప్ప తన ఎద్దును విప్పుకుపోతానన్నాడు. నేల పదును మీదుంది. ఆలస్యమైతే తడి ఆరిపోతుంది.

అత్త ఆయన గంపే ముందు నింపి, తానే పట్టి ఆయన తలకెత్తింది. "తీసుకోన్నా, నీ పురుగులే. మా పైరు తిని బలిసినాయి గదా, దించొచ్చి మా గంప గూడా నువ్వే ఎత్తల్ల." ఆయన గంప కింద నుంచే నవ్వేశాడు. మామ పార దించాడు. ఆ పొద్దే జత కట్టి విత్తారు.

అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె మీద ప్రేమ మాత్రం ఏటేటా పెరుగుతూనే ఉంది. ఇప్పుడు నా గుంతలో పక్కింటివాళ్లూ చెత్త వేస్తారు. ఎరువు తీసిన రోజున ముందు వాళ్ల గంపే నింపుతాను.