రెండు వందల డెబ్బై ఒక్క వరుసలు

కంచన్‌బాగ్‌లో ఇంటర్వ్యూ, తొమ్మిదిన్నరకు. ఒరిజినల్ సర్టిఫికెట్లు లేనివారిని లోపలికి రానివ్వరని కార్డులోనే రాశారు. నావి ఇనుప పెట్టెలో ఉన్నాయి. ఆ పెట్టెకు మా బాపు ముందురోజు సాయంత్రమే కొత్త తాళం వేశాడు. దానికి తాళంచెవి ఉండదు. మూడు అంకెల చక్రాలు తిప్పి తెరవాలి. ఏడుంబావుకు నంబరు అడిగాను.

"తీన్ సౌ అన్నడు దుకాణపాయన," అన్నాడు బాపు.

300 పెట్టాను. రాలేదు.

"మూడైతే ఉన్నది బిడ్డా. పక్కా."

డిప్లొమాలో చదివిన ప్రస్తారాలు గుర్తొచ్చి ధైర్యం వచ్చింది. కాగితం మీద వేశాను. మొత్తం వెయ్యి వరుసలు. మూడు అంకె లేనివి 9×9×9, అంటే 729. మూడు ఉన్నవి 271. ఒక్కోదానికి ఐదు సెకన్లనుకుంటే ఇరవై మూడు నిమిషాలు. బస్సు ఎనిమిదిన్నరకు. 003తో మొదలుపెట్టి ఒక్కటీ వదలకుండా తిప్పాను. 993 దాకా వచ్చేసరికి బొటనవేలు మండుతోంది. తాళం కదల్లేదు. సమయం ఏడూ యాభై. మిగిలిన 729కి గంట పైనే కావాలి.

బాపు సుత్తి తెచ్చి నాలుగు దెబ్బలు వేశాడు. కొండీ వంగింది, తాళం ఊడలేదు. ఆ చప్పుడుకి పక్కింటి దర్జీ భాయ్ వచ్చాడు.

"ఏంది పొద్దుగాల్నే లొల్లి?"

సంగతి చెప్పాను. ఆయన నా కాగితం కేసి చూడనైనా లేదు.

"దుకాణ్‌ల ఏమన్నడు బాపూ? ఎట్లన్నడో గట్లనే చెప్పు."

బాపు నల్గొండ పల్లె నుంచి పట్నం వచ్చి ఏడాదే. ఉర్దూ అంకెలు ఇంకా సరిగా అందవు. "పావ్నో, పౌనో... తర్వాత తీన్ సౌ అన్నడు," అన్నాడు నసుగుతూ.

"పౌనే తీన్ సౌ! మూడొందలకు పావు వంద తక్కువ, రెండొందల డెబ్బై ఐదు." భాయ్ నా వైపు తిరిగాడు. "లెక్కలు మస్తు చేస్తవ్, బాపును అడుగుడు రాదా?"

275లో మూడే లేదు. తొందరలో చక్రాలు తిప్పుతూ రెండుసార్లు తప్పాను. మూడోసారి తాళం ఊడింది.

బస్సులో సర్టిఫికెట్లు నాలుగుసార్లు లెక్కపెట్టుకున్నాను. హాల్లో నాకన్నా ముందు కూర్చున్నతను నకళ్లు మాత్రమే తెచ్చాడు. అతన్ని వెనక్కి పంపేశారు. వెంటనే నా పేరు పిలిచారు. లేచి నిలబడేసరికి సర్టిఫికెట్ల కవరు నా చెమటకు తడిసి ఉంది.